మైకులో వినపడ్డ అప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వడ్డీ అన్న మాట బూతుమాట కింద లెక్క. మా బాపు ఎదుట ఎవరైనా పొరపాటున ఆ మాట ఎత్తితే, అన్నం ముందు కూర్చున్నా సరే చెయ్యి ఆపి, బైబిలు వాక్యం ఏం చెబుతుందో మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. కష్టంలో ఉన్నవాడికి అప్పిచ్చి దాని మీద లాభం తీసుకోవడమంటే వాడి నోటి దగ్గర ముద్ద లాక్కోవడమేనని, ఇచ్చింది తిరిగి వస్తుందన్న ఆశ కూడా మనసులో పెట్టుకోకూడదని చెప్పేవాడు. ఈలోగా అన్నం చల్లారిపోయేది. మా అమ్మ ఒకసారి కంచం వంక, ఒకసారి ఆయన వంక చూసేది.

గోదావరిఖనిలో మేముండేది కంపెనీ క్వార్టర్లలో. ఒక్కో లైనుకు పన్నెండు ఇళ్ళు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఈ ఇంట్లో దగ్గితే ఆ ఇంట్లోవాళ్ళు మందు పేరు చెప్పేవారు. మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. తాగడు, పేకాడడు, బీడీ కూడా ముట్టడు. జీతాల రోజున జీతమంతా ఇంటికి తెచ్చే మనిషి మా లైనులో ఆయనొక్కడేనని అందరూ అనేవారు. మిగతావాళ్ళ కోసం ఆఫీసు బయట గిరిగిరి వాళ్ళు కాచుకుని ఉండేవారు. వడ్డీకి డబ్బు తిప్పేవాళ్ళను మా వైపు అలాగే పిలుస్తారు. నెలకు నూటికి పది రూపాయలు. ఆఫీసు మెట్లు దిగిన జీతం ఇంటి మెట్లు ఎక్కేసరికి చిల్లర పైసలు మిగిలేవి.

వాళ్ళ బారిన పడకుండా మా బాపు చాలామందిని కాపాడాడు. ఈ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పబోయేది చదివి ఆయన చెడ్డవాడని మీరనుకోవచ్చు. ఇంట్లో రేకుపెట్టె ఒకటి ఉండేది. అందులోంచి అడిగినవాళ్ళకు తీసి ఇచ్చేవాడు. మా సంఘం వాళ్ళా, హిందువులా, ముసల్మానులా అని చూసేవాడు కాదు. కాగితం రాయించుకునేవాడు కాదు, తాకట్టు అడిగేవాడు కాదు. కానీ పొద్దుగూకాక ఇంట్లో కుటుంబ ప్రార్థనకు కూర్చున్నప్పుడు మాత్రం ఎవరికి ఇచ్చాడో, ఎంత ఇచ్చాడో, పేర్లతో సహా దేవుడికి విన్నవించేవాడు. నా చేత ఇప్పించావు ప్రభువా అనేవాడు. ఆ మాట దగ్గర ఆయన గొంతు కొంచెం పెరిగేది. దేవుడికి లెక్క అప్పజెబుతున్నాడని అనుకునేదాన్ని. ఆ పెరిగిన గొంతులో ఇంకేదో కూడా ఉందని పసిగట్టే వయసు కాదు నాది. అప్పటికి నాకు పదేళ్ళు.

మా పక్కింటి అక్కకు నేనంటే ప్రాణం. మా అమ్మ జడ వేస్తే తలనొప్పి వచ్చేది, ఆమె వేస్తే నిద్ర వచ్చేది. రోజూ బడికి పోయేముందు దువ్వెన పట్టుకుని వాళ్ళ గడపలో కూర్చునేదాన్ని. ఆమె భర్తను బావా అని పిలిచేదాన్ని. అతనూ బాయి పనివాడే. మనిషి ఎత్తరి, నవ్వితే లైను చివరిదాకా వినపడేది. మీ యేసు సామి మా బాయిలకు ఒక్కసారి దిగి చూడాలె అని నన్ను ఏడిపించేవాడు. తాను ఎవరి ముందూ చెయ్యి చాపలేదని, గిరిగిరి వాడి మొహం కూడా తనకు తెలియదని తోటివాళ్ళ దగ్గర చెప్పుకునేవాడు. ఆ మాట నిజమే. అతని దగ్గర ఉన్న ఆస్తి కూడా అదొక్కటే.

ఆ ఏడు వానలకు వాళ్ళ వెనక వసారా కారుతుంటే రేకు సరిచేయబోయి కింద పడ్డాడు. తుప్పుపట్టిన రేకు పాదంలో దిగింది. మామూలు దెబ్బే అనుకున్నారు గానీ చీము పట్టి కాలు వాచింది. డ్యూటీలో తగిలిన దెబ్బ కాదు కాబట్టి ఇంట్లో కూర్చున్న రోజులకు జీతం రాదు. దవాఖానలో కట్టు ఊరికే కట్టేవారు. కడుపుకు ఎవరు పెడతారు? నెల దాటింది. అతను ఇంటి ముందర నవారు మంచం మీద కాలు చాపుకుని, వచ్చేపోయేవాళ్ళతో మునుపటిలాగే నవ్వుతూ మాట్లాడేవాడు. లోపల బియ్యం డబ్బా అడుగంటింది.

ఒక మధ్యాహ్నం అక్క మా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను పక్కనే పల్లికాయలు ఒలుస్తున్నాను. పిల్లదాన్నే కదా అని నా ముందే మాట్లాడింది.

"ఇంట్ల గింజలు ఒడిసినయ్ చిన్నమ్మా. కాకతోటి చెప్పి ఓ నూటయాభై సర్దుండ్రి. మా తల్లిగారింటికెళ్ళి వచ్చినయని ఆయనకు చెప్త. అప్పని తెలిస్తే మాత్రం బతకనియ్యడు, ఆయన బతుకడు."

మా అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఎవరికీ తెలియదని మాట ఇచ్చింది. సాయంత్రం మా బాపు పెట్టె తెరిచి డబ్బు ఇచ్చాడు. నిదానంగా ఇవ్వు బిడ్డా, తొందర లేదు అన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. ఆ రాత్రి ప్రార్థనలో ఆమె పేరు, బావ పేరు, నూటయాభై రూపాయలు, అన్నీ దేవుడి దగ్గరకు చేరాయి. నేను కళ్ళు మూసుకుని విన్నాను.

అప్పట్లో మా ప్రార్థన మందిరం రేకుల షెడ్డు. ఆ నెలలోనే దానికి మైకు సెట్టు కొన్నారు. చందాల కోసం ఇల్లిల్లూ తిరిగింది మా బాపే. షెడ్డు మీద రెండు గొట్టాలు కట్టారు. ఒకదాన్ని బజారు వైపు, రెండోదాన్ని మా లైన్ల వైపు తిప్పారు, రానివాళ్ళకు కూడా వాక్యం అందాలని. మైకు వచ్చాక పిల్లలం మందిరానికి పోవడానికి ఎగబడేవాళ్ళం. ప్రతి ఆదివారం ఒక పిల్లనో పిల్లవాణ్ణో పిలిచి ప్రార్థన చేయించేవారు. ఊరికే అందరినీ దీవించు అంటే ఒప్పుకునేవారు కాదు. ఎవరి కోసం అడుగుతున్నావో పేరు పెట్టి అడగాలి, వాళ్ళ కష్టమేమిటో దేవుడికి వివరంగా చెప్పాలి అని పాస్టరుగారు నేర్పారు. వివరంగా చెప్పిన పిల్లల తల మీద చెయ్యి పెట్టి మెచ్చుకునేవారు. నాకా మెప్పు కావాలి. వారం రోజులుగా నా వంతు కోసం ఎదురుచూశాను.

నా వంతు వచ్చింది. మైకు నా నోటికి అందేటట్టు వంచారు. ఇంట్లో మాట్లాడే మాట కాదు, ప్రార్థనకు మాకు వేరే భాష ఉండేది, పుస్తకాల భాష. ఆ భాషలో, ఒక్కో మాటా విడమరిచి, నేను పక్కింటి బావ కోసం ప్రార్థన చేశాను. అతని పేరు చెప్పాను, అక్క పేరు చెప్పాను. వారి గృహములో బియ్యము లేకపోయెనని చెప్పాను. నా తండ్రియొద్ద నూటయాభై రూపాయలు అప్పు తీసుకొనిరని, ఆ అప్పు తీర్చు శక్తి వారికి దయచేయుమని అడిగాను. నా తండ్రి వడ్డీ తీసుకొనడు గనుక ఆయనను ఆశీర్వదించుమని కూడా అడిగాను. నా గొంతు బయటికి పోయి, లైన్ల మీద నుంచి తిరిగి నా చెవుల్లోకి వస్తుంటే ఒళ్ళు పులకరించింది. ఆమేన్ అని అందరికంటే గట్టిగా అన్నది మా బాపు. కళ్ళు తెరిచి చూస్తే ఆయన మొహం వెలిగిపోతున్నది. ఆడవాళ్ళ వైపు మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తున్నది.

ఇంటికి వచ్చేటప్పుడు అమ్మ మా కంటే ముందు నడిచింది. లైను మొదట్లో టీ కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు మమ్మల్ని చూసి ఏదో అనుకుని నవ్వారు. అందులో బావతో కలిసి ఒకే షిఫ్టులో పనిచేసేవాళ్ళు ఉన్నారు. పక్కింటి ముందు మంచం లేదు. దాన్ని ఎత్తి గోడకు నిలబెట్టారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. అక్క బయట గిన్నెలు తోముతూ కూర్చున్నది. నేను దగ్గరకు పోయాను, ఇంకా మెప్పు తక్కువైందన్నట్టు.

ఆమె తలెత్తలేదు. "మంచిగ చదివినవ్ బిడ్డా," అన్నది. "ఒక్క అచ్చరం పొల్లువోలే. అన్ని ఇనవడ్డయ్."

చేతిలో గిన్నె తోమిందే తోముతున్నది. అప్పుడు నాకు ఏదో అర్థమైంది. ఏం అర్థమైందో చెప్పలేను గానీ, అక్కడే గోడ పక్కన కక్కుకున్నాను. ఆమే లేచి వచ్చి నా నుదురు పట్టుకున్నది. నీళ్ళతో మొహం కడిగింది. ఈ ఒక్కపని ఆమె చేయకుండా ఉంటే నా బతుకు ఇంకొంచెం తేలికగా గడిచేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంట్లో మా అమ్మ మా బాపుతో మొదటిసారి గొంతు లేపి మాట్లాడింది. వెళ్ళి ఆ పిల్లగాడితో ఒక్కమాట చెప్పి రమ్మన్నది, తప్పయిందని. మా బాపు నిజంగానే ఆశ్చర్యపోయాడు. దేవుని సన్నిధిలో చెప్పుకున్నదాంట్లో తప్పేముంది, పసిపిల్ల నోట దేవుడే పలికించాడు అన్నాడు.

"దేవునికి ఇనరాదా?" అన్నది మా అమ్మ. "మైకు వెట్టి ఒర్రితె తప్ప ఆయనకు తెల్వదా?"

ఆయన ఆమె మీద కోప్పడలేదు. ఆమె అవిశ్వాసాన్ని క్షమించమని ప్రార్థన చేశాడు. పక్కింటికి మాత్రం పోలేదు.

బావ మర్నాడే దవాఖానకు పోయాడు. నొప్పి లేదని, నడవగలనని అబద్ధం చెప్పి, డాక్టరు ముందు ఆ కాలి మీదే నాలుగడుగులు వేసి చూపించి, డ్యూటీకి ఎక్కడానికి కాగితం రాయించుకున్నాడు. మానని పుండుకు గుడ్డ చుట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు కట్టి, దాని మీద బూటు తొడిగేవాడు. అప్పట్లో బాయిలో కొన్నిచోట్ల పిక్కల దాకా నీళ్ళుండేవి. తెల్లవారి సైరన్ మోగినప్పుడు గోడ అవతల నుంచి అతను పళ్ళు బిగబట్టి బూటు వేసుకునే మూలుగు వినపడేది. సాయంత్రం అదే బూటు ఊడదీసేటప్పుడు ఇంకా గట్టిగా వినపడేది. మా బాపు అప్పుడు వాక్యం చదువుకుంటుండేవాడు. ఆ ఆదివారం నుంచి ఇంట్లో ప్రార్థనలో ఆ ఇద్దరి పేర్లు రాలేదు. ఎందుకు రాలేదో ఆయన్ను నేను అడగలేదు.

జీతాల రోజున బావ మా గుమ్మం ముందుకు వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. కుంటుతూనే నిటారుగా నిలబడటానికి ప్రయత్నిస్తున్నాడు. మడిచిన నోట్లు తీసి గడప మీద పెట్టాడు.

"లెక్క చూస్కో కాకా. నూటయాభై అసలు. నూటికి పది లెక్కన నెల వడ్డీ పదిహేను."

మా బాపు ఆ పదిహేను వెనక్కి తోశాడు. తాను వడ్డీ ముట్టనని లోకమంతా ఎరుకే కదా అన్నాడు. చాలా ప్రేమగానే అన్నాడు.

"తీస్కోవాలె," అన్నాడు బావ. "గిరిగిరోడు ఇంటి మీదికొచ్చి తిడ్తడు. తిట్టినా వానికి నాకు మధ్యల వడ్డీ ఉంటది, కట్టంగనే సాఫ్. నువ్వు తీస్కోకుంటె నేను సచ్చేదాక నీ కిందనే ఉండాలె. నాతోటి గాదు."

అతను నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని, నాలుగడుగుల దూరంలో ఉన్న తన ఇంటికి చాలాసేపు నడిచాడు. ఆ పదిహేను రూపాయలు సాయంత్రం దాకా మా గడప మీదే ఉన్నాయి. తొక్కకుండా దాటుకుంటూ తిరిగాం. చివరికి మా బాపు వాటిని ఒక కవరులో వేసి, ఆదివారం కానుకల పళ్ళెంలో పెట్టాడు. కృతజ్ఞత కానుకలు ఎవరు ఇచ్చారో చదివి వినిపించడం మా దగ్గర ఆనవాయితీ. పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక సహోదరుని కృతజ్ఞత కానుక, పదిహేను రూపాయలు అని మైకులో చదివారు. ఆ గొట్టం ఇంకా మా లైన్ల వైపే ఉంది.

మరో రెండు నెలలకు బావ కాలు మోకాలి కింది నుంచి తీసేశారు. ముందే విశ్రాంతి తీసుకుని ఉంటే దక్కేదో లేదో నాకు తెలియదు. మొదటి నుంచే పాడైన కాలు అని మా బాపు అనేవాడు. ఆ మాట వినగానే మా అమ్మ లేచి వంటింట్లోకి పోయేది. బాయి పనికి పనికిరాడని అతన్ని తీసేసి, అతని బదులు అక్కకు ఆఫీసులో ఊడ్చే పని ఇచ్చారు. జడలు వేసిన చేతుల్లోకి చీపురు వచ్చింది. ఆ తర్వాత కూడా ఆమె నాతో మాట్లాడేది, బాగా చదువుకొమ్మనేది. నేనే ఆమె గడపలో కూర్చోవడం మానేశాను. నాకు నేనే వంకరటింకరగా జడ వేసుకుని బడికి పోయేదాన్ని. బావ నవ్వు లైనులో మళ్ళీ వినపడలేదు. కర్ర పట్టుకుని బయటికి రావడానికి కూడా ఇష్టపడేవాడు కాదు.

మా బాపు చివరిదాకా వడ్డీ లేకుండా అప్పులిస్తూనే ఉన్నాడు. ఆయన పోయినప్పుడు భూస్థాపన దగ్గర ఎంతమంది నిలబడి ఆయన చేసిన సాయం గురించి సాక్ష్యం చెప్పారో! చెప్పిందంతా నిజమే. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే, ఈ మనిషి ఇచ్చిన ప్రతి రూపాయికీ వడ్డీ వసూలు చేసుకున్నాడు, ఆ వడ్డీ ఇదిగో ఈ సాక్ష్యాలే అనుకున్నాను. కన్నతండ్రి గురించి అట్లా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను గానీ, అనుకున్నది తప్పని మాత్రం నాకు ఈ రోజుకీ తోచలేదు. ఆయన ఒక్కణ్ణే అనడం కూడా న్యాయం కాదు. ఇప్పుడు మా సంఘం వాళ్ళు ఫోనులో గ్రూపు పెట్టుకున్నారు. ఎవరికి బియ్యం సంచి ఇచ్చినా, దవాఖాన ఖర్చుకు సాయం చేసినా, పుచ్చుకునేవాళ్ళ మొహం కనిపించేటట్టు ఫోటో పెడతారు. కింద నూరు మంది ఆమేన్ అని రాస్తారు. ఒకసారి ఒద్దని చెప్పి చూశాను. ముసలిదానికి ఈర్ష్య అనుకున్నారు. గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

ఇదంతా ఇప్పటి సంగతి. అప్పట్లో, ఇరవై రెండేళ్ళకే, నేను టీచరునయ్యాను. ఇంకో కాలనీలో ఉండేదాన్ని. బాపు పోయిన మరుసటి ఏడు, ఒకరోజు బడి వదిలే వేళకు అక్క గేటు దగ్గర నిలబడి ఉంది. తల సగం నెరిసింది. హైదరాబాదులో పెట్టుడుకాలు వేస్తున్నారట, బావ ఇన్నేళ్ళకు పెట్టించుకుంటానని ఒప్పుకున్నాడట, పదిహేను వందలు తక్కువ పడ్డాయట. ఆ మాట ఆమె నోట్లోంచి పూర్తిగా రాకముందే నేను ఇస్తానన్నాను. తిరిగి ఇవ్వొద్దక్కా అన్నాను. పన్నెండేళ్ళుగా ఎదురుచూసిన రోజు ఇదేననుకున్నాను. ఇప్పుడు నా మీది బరువు దిగిపోతుందని ఆశపడ్డాను. నేనూ ఆ తండ్రి కూతురినే మరి.

అక్క నా మొహంలోకి నిదానంగా చూసింది.

"వడ్డెంత?" అన్నది.

"నీ దగ్గర వడ్డీ ఏందక్కా."

"అట్లయితె నాకొద్దు బిడ్డా. నీ మీద కోపం లేదు. వడ్డీ ఎంతో చెప్పు, తీస్కపోత. లేకుంటె ఆయన ఆ కాలు కట్టుకోడు."

పిల్లలందరూ వెళ్ళిపోయారు. పుట్టినప్పటి నుంచీ పాపమని విన్న మాటను నా నోటితో అనడానికి నాకు చాలా కష్టమైంది. నూటికి రెండు అన్నాను. ఆమె తలూపింది. అప్పుడు డబ్బు తీసుకుని, లెక్కపెట్టుకుని, కొంగున ముడివేసుకుని వెళ్ళింది.

ఆ రోజు నుంచి అసలు తీరేదాకా, ప్రతి నెలా జీతం అందగానే ఆమె మా ఇంటికి వచ్చి వడ్డీ నా చేతిలో పెట్టేది. కూర్చునేది, టీ తాగేది, బావ కొత్త కాలుతో ఎక్కడెక్కడికి పోయి వస్తున్నాడో చెప్పి నవ్వేది. చిన్నప్పటి తర్వాత ఆమె నా ఎదుట అట్లా నవ్వడం మళ్ళీ అప్పుడే. ఆ వడ్డీని నేను ఆమెకు ఏ రూపంలోనూ తిరిగి ఇవ్వలేదు. కానుకల పళ్ళెంలో వేయలేదు. వేసి ఉంటే నేను శుద్ధురాలినయ్యేదాన్ని, ఆమె మళ్ళీ మా కిందే ఉండిపోయేది. దానితో పప్పు కొన్నాను, నూనె కొన్నాను, వండుకుని తిన్నాను. దేవుడు వద్దన్నాడని తెలిసే తిన్నాను. నా జీవితంలో ఎన్నో తప్పులకు మోకాళ్ళ మీద నిలబడి క్షమాపణ అడిగాను. దీనికి మాత్రం ఇంతవరకు అడగలేదు.